నిలువు చిత్రమునకు జరుగుచున్న యన్యాయము

చలనచిత్రవృత్తిలో నున్నవారు నలుగురొకచోట గూడినప్పుడు నిలువు చిత్రమును నిందింపక లేచుట యరుదు. ఫోనును నిలువుగా బట్టి వీడియో తీయుట చేతగానివారి లక్షణమని యొకరందురు. సినిమాకళకు బట్టిన తెగులని వేఱొకరందురు. ఆ మాట లన్నవారే మఱునాడు పెండ్లివారి యింట బేరము కుదుర్చుకొనుచు, “పెద్ద చిత్రముతో బాటు పది రీల్సును గూడ నిచ్చెదము” అని కాగితముపై వ్రాసి యిత్తురు. నోటితో దేనిని దూషింతుమో చేతితో దానినే విక్రయించుచున్నాము. ఇది గౌరవముగల వృత్తివారు చేయదగిన పనియేనా? ఈ ప్రశ్నను నేను పరుల నుద్దేశించి మాత్రమే యడుగుట లేదు. ఇరువదియేండ్లుగా నేనును కెమెరాతోనే జీవనము గడపుచున్నవాడను. కావున నే నొనర్చిన యపరాధమునే మొదట జెప్పుకొని పిమ్మట నితరులను విమర్శించెదను.

కొన్నియేండ్ల క్రిందట కృష్ణాజిల్లాలో నొక బాలిక చేయుచున్న తొలి కూచిపూడి ప్రదర్శనమును చిత్రించుటకు నన్ను బిలిచిరి. ఆ బాలికకు నాట్యము నేర్పిన యామె వృద్ధురాలు. మోకాళ్ళ నొప్పులచే కదలలేక ఆ సాయంకాల మింటనే యుండిపోయెను. ప్రదర్శనములో తరంగము ముఖ్యమైన యంశము. నర్తకి యిత్తడి పళ్ళెరపు టంచులపై పాదములు మోపి, తలపై నీటిచెంబు నిలుపుకొని, తాళము తప్పకుండ పళ్ళెరమును కదలించుచు నాడవలయును. నేను నా యలవాటు చొప్పున నడ్డముగా దీసితిని. నిలుచున్న మనుష్యుని అడ్డ చట్రములో నాపాదమస్తకము జూపినచో మనుష్యుడు చిన్నవాడగును. ఇరుప్రక్కల తెర పాడుపడిన పెరడువలె నుండును. అందుచే కెమెరాను దగ్గరకు దెచ్చి నడుము వఱకే తీసితిని. పాదములను వేఱుగను, చెంబును వేఱుగను దీసి, తరువాత నొకదాని వెంట నొకటి యతికితిని. నెల గడచిన పిదప ఆ యింటివారు ఫోనులో జూచుకొనుటకు నిలువు చిత్ర మొకటి కావలెనని కోరిరి. నా సహాయకుడు అడ్డ చిత్రము నడుమనుండి యొక తునుక గత్తిరించెను. నేను దానిని చూడనైన జూడక పంపితిని.

ఆ వృద్ధగురువునకు అందినది ఆ తునుకయే. ఆమె యింట కంప్యూటరు లేదు. ఆమె చూడగలిగినది చేతిలోని ఫోను మాత్రమే. రెండుదినములకు నాకు ఫోను చేసి, కోపము లేని గొంతుతో, “నాయనా, పిల్ల మొహం బాగానే ఉంది. పళ్ళెం ఏదీ?” అని యడిగెను. నేనేమి చెప్పుదును? పళ్ళెరము లేదు. చెంబు లేదు. చాచిన చేతులు మోచేతులకడ తెగిపోయినవి. పదియేండ్లు నేర్పిన విద్యలో నామె కన్నులకు దక్కినవి శిష్యురాలి ముఖమును, కదలుచున్న భుజములును మాత్రమే.

ఆ రాత్రి పెద్ద చిత్రమును మరల వేసికొని చూచితిని. అప్పుడు నాకు దెలిసినది మఱింత సిగ్గు గలిగించునది. నా తప్పు కత్తిరించుటతో మొదలుకాలేదు. తరంగమందలి విద్య యంతయు తలపైనున్న చెంబును, కాలిక్రింది పళ్ళెరమును ఏకకాలమున వశపరచుకొనుటలో నున్నది. చెంబొక తూరియు, పళ్ళెరమొక తూరియు జూపిన నా యడ్డ చిత్రము ఆ విద్యను చూపనే లేదు. ఏ చట్రమును నేను పదిమందిలో నెగతాళి చేయుచుంటినో ఆ చట్రమొక్కటియే ఆ బాలికను చెంబునుండి పళ్ళెరమువఱకు, తెర నిండుగా, ఒక్క చూపులో జూపగలిగి యుండెను.

కావున నే నిక్కడ వాదింపబూనిన దొక్కటియే. నిలువు చట్రము నీచమైనది కాదు. దానిని నీచముగా జూచి, అడ్డ చిత్రమునుండి తునిగించి యమ్ముచున్న మన పనియే నీచమైనది. నిలువు చిత్రము కావలసినచోట మొదటినుండియు నిలువుగా నాలోచించి, నిలువుగా దీయవలయును. అట్లు చేయ నిష్టము లేనివారు ఇచ్చెదమని యొప్పుకొనరాదు.

ఇక నాక్షేపణములను విచారింతము.

మన కన్నులు రెండును ప్రక్కప్రక్కన నున్నవి గనుక అడ్డ చట్రమే ప్రకృతిసిద్ధమని మొదటి యాక్షేపణము. వినుటకు శాస్త్రీయముగా నున్నదిగాని నిలిచెడు వాదము గాదు. మన పూర్వులు తాళపత్రములపై వ్రాసిరి. ఆ పత్రము సన్నగా, అడ్డముగా నుండును. అచ్చుయంత్రము వచ్చిన పిదప పుస్తకపు పుట నిలువుగా మాఱినది. కన్నులు మాఱలేదు, చదువును చెడలేదు. తాళపత్ర మడ్డముగా నుండుట కన్నుల గుణము గాదు, తాటియాకు గుణము. సినిమా చట్రము కథయు నట్టిదే. అమెరికాలో ఎడిసను ప్రయోగశాలయందు డిక్సను 1890 తరువాతి తొలియేండ్లలో ముప్పదియైదు మిల్లీమీటర్ల ఫిల్మును, చిత్రమొక్కింటికి నాలుగేసి రంధ్రముల లెక్కను నేర్పరచెను. దానినుండి వెడల్పు నాలుగు పాళ్ళు, ఎత్తు మూడు పాళ్ళు గల చట్రము పుట్టినది. టెలివిజను వచ్చి ప్రేక్షకుల నిండ్లలోనే కూర్చుండబెట్టగా, వారిని మరల హాలునకు రప్పించుటకు 1953లో “ది రోబ్” అను చిత్రముతో సినిమాస్కోపను మిక్కిలి వెడల్పైన తెరను దెచ్చిరి. నేడు మనము వేదవాక్యముగా బాటించు పదునారు తొమ్మిదుల చట్రము, 1980 తరువాతి దశకమున టెలివిజను నిపుణులు వేర్వేఱు కొలతల చిత్రములన్నింటికి నొక రాజీగా గుదిర్చినది. మన తెలుగు దేశమునందే చూడుడు. 1957 నాటి “మాయాబజార్” ఇంచుమించు నలుచదరపు చట్రములోని చిత్రము. తెలుగున మొదటి సినిమాస్కోపు చిత్రమగు “అల్లూరి సీతారామరాజు” 1974లో వచ్చినది. రెండింటిని జూచినవి యా కన్నులే. యంత్రము, వ్యాపారము, రాజీ అను మూడును గలిసి నిర్ణయించినదానికి ప్రకృతి యని పేరు పెట్టుట న్యాయమా?

నిలువు చిత్రము పామరుల యలవాటు గనుక కళ కానేరదని రెండవ యాక్షేపణము. 2012లో నిలువుగా దీయువారిని రోగులవలె జిత్రించి, బొమ్మలచే నెగతాళి చేయించిన యాంగ్ల వీడియో యొకటి లోకమంతట వ్యాపించినది. మేమందఱము దానిని జూచి నవ్వితిమి. ఆ నవ్వులో నొక చిన్న విషయమును మఱచితిమి. ఒక చేత బిడ్డ నెత్తుకొన్న తల్లి రెండవచేత ఫోనును నిలువుగా గాక మఱెట్లు పట్టుకొనును? తప్పటడుగులు వేయుచు నిలుచున్న పసివాడు నిలువు చట్రములో నిండుగా నుండునుగాని యడ్డ చట్రములో నుండునా? ఆ తల్లి నేర్పులేక కాదు, తనకు గావలసినది తెలిసియే యట్లు తీసినది. ఒకప్పుడు పద్యమునకే గాని గద్యమునకు గౌరవము లేదు. ఇండ్లలోని స్త్రీలు సైతము చదువుకొనదగిన వచనము వ్రాయుటను బండితులు చిన్నచూపు చూచినారు. ఆ చిన్నచూపు తొలగినందుననే నేడు మన మిట్టి పత్రికలను జదువుచున్నాము. జనులు వాడుచున్నదని యొక రూపమును దిట్టుట పాండిత్యము గాదు. దానిని బాగుచేయుట పాండిత్యము.

నిలువుదనమును వెలివేయుట తప్పని చెప్పిన మొదటివాడను నేను గాను. 1930లో రష్యా దర్శకుడు ఐసెన్‌స్టీన్ హాలీవుడ్డు సాంకేతికుల యెదుట నుపన్యసించుచు, తెరను వెడల్పు చేయబోవువారిని విమర్శించి, నిలువు రచనకును అడ్డ రచనకును సమానముగా జోటీయగల చతురస్రపు తెరను గోరెను. 2013లో ఆస్ట్రియాలోని క్రెమ్స్ పట్టణమున కొందఱు కళాకారులు ముప్పదియైదు మిల్లీమీటర్ల ఫిల్ము యంత్రమును ప్రక్కకు ద్రిప్పి, ఎత్తైన నిలువు తెరపై దమ చిత్రములను బ్రదర్శించిరి. 2020లో డామియన్ షజెల్ “ది స్టంట్ డబుల్” అను లఘుచిత్రమును ఫోనుతో నిలువుగా దీసెను. ఛాయాగ్రాహకుడు లీనస్ సాండ్‌గ్రెన్. వీరిని చేతగానివారని యెవరనగలరు? ఆ 2020లోనే జూను నెలలో మన ప్రభుత్వము టిక్‌టాక్‌ను నిషేధించినది. అంతటితో నిలువు చిత్రము పీడ వదలినదని సంతోషించినవారు గలరు. కొలదిమాసములలోనే రీల్సును, షార్ట్సును ఆ స్థలము నాక్రమించినవి. పోయినది యొక దుకాణము మాత్రమే, వస్తువు నిలిచియున్నది.

మూడవ యాక్షేపణము వృత్తివారిది. ఇదియే మిక్కిలి హానికరమైనది. “రెంటికిని వేఱువేఱుగా దీయనేల? పెద్ద కొలతలో నడ్డముగా దీసిన, కావలసినంత నిలువుగా గత్తిరించుకొనవచ్చును గదా!” అందురు. లెక్క చూతము. పదునారు తొమ్మిదుల యడ్డ చట్రమునుండి, ఎత్తు తగ్గకుండ, తొమ్మిది పదునారుల నిలువు తునుకను దీసినచో మిగులునది మొత్తములో నూటికి ముప్పదిరెండు పాళ్ళలోపు. మూడింట రెండువంతులకు మించి పాఱవేయుచున్నామన్నమాట. నాలుగు వేల చుక్కల వెడల్పున దీసినచో ఆ తునుకయు ఫోనునకు జాలినంత స్పష్టముగా నుండునని ప్రత్యుత్తరము చెప్పుదురు. నిజమే, చుక్కలు చాలును. కాని చిత్రమనగా చుక్కల రాశియా? ఎవరి నెక్కడ నిలుపవలయును, కెమెరా యెంత దూరమున నుండవలయును, చేతులు చాచుటకు దావెంత యుండవలయును అను నిర్ణయములన్నియు అడ్డ చట్రమును మనసున నుంచుకొని చేసినవి. చీర నేసిన పిదప దానిని గత్తిరించి చొక్కా కుట్టవచ్చును. కాని యంచు ఎచ్చట బడునో నేతగాని వశము తప్పిపోవును.

రెండింటిని సంతృప్తిపఱచుటకై తీయువాడు ముఖ్యమైనవానినన్నింటిని చట్రము నడుమకు దెచ్చి కూరును. అప్పుడు అడ్డ చిత్రము ప్రక్కలు నిష్ప్రయోజనములగును; నిలువు చిత్రమున తలపైనను, కాలిక్రిందను పనిలేని ఖాళీ మిగులును. ఒక కాపురమును రెండిండ్లలో జేయబోయి రెంట పొయ్యి వెలిగింపనట్లగును. 2020 ఏప్రిలులో అమెరికాలో క్విబి యను సంస్థ యిట్టి సాహసమే చేసినది. ఫోనును త్రిప్పినప్పుడెల్ల చిత్రము అడ్డముగనో నిలువుగనో మాఱునట్లు, కథలన్నియు రెండువిధముల జూచుటకు వీలుగా దీయించినది. వందకోట్ల డాలర్లకు మించిన పెట్టుబడి పెట్టినను ఆ సంవత్సరము డిసెంబరులోనే మూతపడినది. దాని పతనమునకు గారణములు పెక్కు, ఇదొక్కటియే యనను. కాని రెండు పడవలపై గాళ్ళు మోపుటకు ధనము చాలదని తెలిసికొనుట కా యుదాహరణము చాలును.

నిలువుగా దీయుటయనగా కెమెరాను ప్రక్కకు ద్రిప్పుట మాత్రమే యని యెంచువారు పని మొదలిడినంతనే దాని కష్టము దెలిసికొందురు. కెమెరాను ట్రైపాడుపై బక్కకు వ్రాల్చినచో బరు వొకవైపునకు బోవును. బరువును నడుమకు దెచ్చునట్టి ఎల్ ఆకారపు బిగింపు కావలయును. ఇన్నాళ్ళు తలపైనుండి వ్రేలాడదీసిన మైకు ఇక నంత దగ్గరకు రాదు, ఏలయనగా చట్రము పైకి పెరిగినది. దుస్తులలో దాచు మైకునైనను, ప్రక్కనుండి వచ్చు మైకునైనను వాడవలసియుండును. పైకప్పును, నేలయు రెండును గనబడును గనుక దీపములను ప్రక్కలకు మాఱ్చవలయును. అచ్చట మాత్రము మునుపటికంటె దగ్గరగా నుంచుకొనవచ్చును. అనేక కెమెరాలు దృశ్యమును వరుసవెంట వరుసగా చదువును. కెమెరా ప్రక్కకు దిరిగినప్పుడు ఆ వరుసలును దిరుగును. వేగముగా ప్రక్కకు కదలించినచో మునుపు వంగినట్లు కనబడు స్తంభము లిప్పుడు లావుగనో సన్నముగనో కనబడును. మాటలాడుచున్న యిద్దఱిని ప్రక్కప్రక్కన గూర్చుండబెట్టినచో భుజములు తెగును. ఒకరిని ముందు, ఒకరిని వెనుక నుంచవలయును, లేదా యొకరిని మెట్టుపైని, ఒకరిని మెట్టుక్రింద నిలుపవలయును. ఫోను తెర యడుగున పేళ్ళును, వ్రాతలును, కుడిప్రక్క గుర్తులును వచ్చి కూర్చుండును గనుక ముఖ్యమైనదేదియు నచ్చట బడరాదు. నర్తకి పళ్ళెరమును వానికి గొంత పైగా నిలుపుట నేర్పుతో జేయవలసిన పని. ఇన్ని జాగ్రత్తలు గల పనిని “అదేమి, ఫోను వీడియో!” యని కొట్టివేయుట యజ్ఞానముగాక మఱేమి?

ఇట్లు వ్రాయుచున్నందున నే నడ్డ చిత్రమునకు శత్రువునని యెవరును దలపకుందురుగాక. ఇకముందు నిలువు చిత్రమే గాని మఱొకటి యుండబోదని చాటుచున్న వ్యాపారుల మాటయు నాకు సమ్మతము గాదు. వరుసగా వంగి నాట్లు వేయుచున్న స్త్రీలను, సహపంక్తి భోజనమునకు గూర్చున్న యూరిని, తోలుబొమ్మలాటలో తెర యీ చివరనుండి యా చివరకు బోవు యుద్ధమును నిలువు చట్రములో నిఱికించుట, అత్త సొమ్ములు కోడలికి దొడిగినట్లుండును. ఎక్కడనో యొకచోట బిగియును. చేర్యాల నకాషీ చిత్రకారులు పొడవైన పటమును పైనుండి క్రిందికి విప్పుచు కథ చెప్పించిరి. ఆ పటములోనే యొక్కొక్క ఘట్టమును అడ్డపు గడులలో వ్రాసిరి. పొడవెందుకో, వెడల్పెందుకో వారికి దెలియును. ఆ వివేకమే మనకు గావలసినది. వస్తువు నిలువైనచో చట్రము నిలువు, వస్తు వడ్డమైనచో చట్ర మడ్డము. ఏ చట్రము తగునో నిర్ణయించుటయే దర్శకుని మొదటి పని. కత్తిరించువాని కడపటి పని గాదు.

ఇంత శ్రమకు ధనమెక్కడిదని యడుగుదురు. సరియైన ప్రశ్నయే. కాని నేడు జరుగుచున్నదేమి? నిలువు చిత్రములను పెద్ద చిత్రమునకు గొసరుగా నిచ్చి, కొసరునకు దగిన శ్రద్ధయే చూపుచున్నాము. కొసరుగా నిచ్చుట మానుదము. దానికి వేఱు కెమెరా, వేఱు మనిషి, వేఱు వెల యని ముందే చెప్పుదము. ఆ వెల యీయలేనివారికి, “పదింటికి బదులు రెండే తీసెదము, కాని నిలువుగానే తీసెదము” అని చెప్పుదము. పది తునుకలకంటె రెండు చిత్రములు మేలు.

గృహస్థులకును నొక మనవి. బేరమునాడు ఎన్ని నిమిషములు, ఎన్ని రీల్సు అని లెక్క అడుగుచున్నారుగాని, “ఈ నిలువు చిత్రము నెట్లు తీసెదరు?” అని యడుగుట లేదు. ఆ ప్రశ్న యొక్కటి యడిగినచో మా వృత్తిలో సగము సోమరితనము వదలిపోవును. మీ యింటి పెద్ద చిత్రమును తొలియేడు రెండుతూరు లందఱును గూర్చుండి చూతురు. నిలువు చిత్రమును మాత్రము దూరదేశమున నున్న కుమార్తె బస్సులో జూచుకొనును. మంచము దిగలేని తాతగారు రాత్రి నిద్రపట్టక చూచుకొందురు. పెక్కుమందికి అదియే మొదటి చిత్రము, అదియే కడపటి చిత్రము. దానిని చెత్తబుట్టలోని తునుకగా నెంచుట ఆ కుమార్తెను, ఆ తాతగారిని రెండవపంక్తిలో గూర్చుండబెట్టుటయే యగును.

నా మట్టుకు నేను ఆ తరువాతినుండి కత్తిరించి యిచ్చుట మానితిని. రెండు కెమెరాలు పెట్టుచున్నాను. పెట్టుటకు వీలులేనిచోట నిలువు చిత్ర మీయనని చెప్పుచున్నాను. ఇందుచే కొన్ని బేరములు పోయినవి, పోవుచున్నవి. మా వారిలో గొందఱు నన్ను జూచి నవ్వుచున్నారు. నవ్వనిండు. ఆ వృద్ధగురువునకు నేనానాడు సమాధానము చెప్పలేకపోయితిని. తరంగము మరల జరుగదు. జరిగినను ఆ సాయంకాలము మరల రాదు. ఇకమీదట నే దీసిన చిత్రమును జూచి మఱియొకరు ఫోను చేసి, పళ్ళెమేదని యడుగకుండునట్లు చేయుటయే నేనీయగల సమాధానము.